దుర్గ పేరు మీద కారు

తణుకు,
జూన్ 24.

ఒసేయ్ దుర్గా,

కవరు మీద చేతిరాత చూసి ఎవరబ్బా అనుకున్నావా? నేనేనే, మీనాని. పదో తరగతి సెలవుల్లో రాసుకున్నాక మళ్ళీ నీకు ఉత్తరం రాయడం ఇదే. ఏం చెయ్యను? నీ ఫోను ఎప్పుడు చేసినా మీ అమ్మాయి హారతి దగ్గరే ఉంటుంది. నువ్వు దొరికినా పూతరేకుల పొయ్యి దగ్గర నలుగురిలో కూర్చుని ‘ఆఁ, ఊఁ’ అంటావు తప్ప మాట్లాడవు. నాకేమో పదిహేను రోజులు కదలొద్దన్నారు. టీవీ చూసి చూసి విసుగొచ్చి కలం పట్టుకున్నాను.

నాకు ఆపరేషన్ అయింది. కంగారు పడకు. మొన్న మనం కలిసిన పెళ్ళిలో భోంచేసి వచ్చాక కుడి డొక్కలో నొప్పి మొదలైంది. వీపులోకి పాకి, చచ్చిపోతానేమో అనిపించింది. మర్నాడు పొద్దున్నే మా ఆయన రాజమండ్రి తీసుకెళ్ళారు. పది గంటలకి స్కానింగు, పన్నెండింటికి పెద్ద డాక్టరు. గాల్‌బ్లాడర్‌లో రాళ్ళున్నాయి, ఇవాళే చేరిపొమ్మన్నారు. మూడో రోజుకల్లా ఇంట్లో ఉన్నాను. పొట్ట మీద నాలుగు చిన్న చిల్లులు, అంతే. ఆ రాళ్ళని ఒక డబ్బాలో వేసి ఇచ్చారు. పదిహేడున్నాయి. చూడటానికి వచ్చినవాళ్ళందరికీ మా అబ్బాయి జయంత్ మూత తీసి మరీ చూపిస్తున్నాడు.

ఇంతకీ వెళ్ళింది ఎందులో అనుకున్నావు? నీ కారులోనే! గతుకుల్లో కూడా కడుపులో చల్ల కదలలేదు. రెండేళ్ళ క్రితం మా సిద్ధాంతి గారు ఈయనకి వాహన గండం ఉంది, యాభై నిండాక వచ్చే ఉగాది దాటేవరకూ ఇంట్లోవాళ్ళ పేరున బండి కొనకండి, రోహిణి నక్షత్రం ఆడమనిషి పేరున కొనండి అన్నప్పుడు నీ పేరు పెట్టుకోవడం ఎంత మంచిదైంది! కొట్టు వ్యాపారం కూడా అప్పటి నుంచే పుంజుకుంది. నీ పేరులో ఉందే ఆ బలం.

ఆ పెళ్ళిలో నువ్వు కూడా డొక్క పట్టుకుని కూర్చున్నావు. నేను చూశాను. వెంటనే స్కానింగు చేయించుకో. వాయిదా వేశావంటే ఊరుకోను.

నీ
మీనా

*

ఆత్రేయపురం,
జూలై 15.

మీనా,

పోస్టుమ్యాన్ వచ్చేసరికి నా చేతులకి పిండి ఉంది. రత్తమ్మ, అదే నా పక్క కుండ దగ్గర కూర్చునే ఆవిడ, "దుర్గకి ప్రేమలేఖ వచ్చిందే" అని చించబోయింది. లాక్కుని జాకెట్టులో పెట్టుకుని, ఇంటికొచ్చి చదువుకున్నాను. నువ్వు చిన్నప్పటి నుంచీ ఇంతే. గోళీలు గెలిచినా డబ్బాలో పోసి ఊరంతా చూపించేదానివి. ఇప్పుడు కడుపులో రాళ్ళు కూడా.

నీ మాట విని రావులపాలెంలో స్కానింగు చేయించుకున్నాను. నావీ రాళ్ళే. ఇన్నాళ్ళకి నీకూ నాకూ ఒక్క విషయంలో సమానమైంది చూడు.

పద్నాలుగు నెలల బట్టి నొప్పి వస్తూ పోతూ ఉంది. మా ఊళ్ళో పల్లంరాజు గారు డాక్టరు చదవలేదుగానీ అందరికీ ఆయనే డాక్టరు. గ్యాసమ్మా అని ఇంజెక్షన్ చేస్తారు. రెండు రోజులు తగ్గుతుంది, మూడో రోజు నేను మళ్ళీ కుండ ముందు కూర్చుంటాను. ఆయన్ని అనుకుని ఏం లాభం? మా పని అలాంటిది. పొద్దున్న ఆరింటికి బోర్లించిన కుండ కింద మంట పెట్టామంటే మధ్యాహ్నం రెండు దాకా లేవం. మధ్యలో లేస్తే వేడి మారిపోయి రేకు చిరిగిపోతుంది. అందుకని ఏమీ తినం. లేవాల్సి వస్తుందని నీళ్ళు కూడా తాగం. రెండు దాటాక విరిగిన రేకుల్లో ఇంత నెయ్యీ బెల్లమూ వేసి మా యజమాని ఇస్తారు. అదే భోజనం. ఇంట్లో ఒక పూట బియ్యం మిగులుతుంది. స్కానింగు డాక్టరు "ఏం తింటారమ్మా?" అని అడిగితే "నేతి పూతరేకులండి" అన్నాను. "పెట్టి పుట్టారమ్మా" అని నవ్వాడు.

తర్వాత నవ్వు ఆపి, తొందరగా తీయించెయ్యమన్నాడు. చిన్న రాళ్ళు చాలా ఉన్నాయట. ఒకటి జారి గొట్టంలో అడ్డం పడితే ప్రాణం మీదకి వస్తుందన్నాడు. రేషన్ కార్డు మీద ఉచితంగా చేస్తారు కదా, చేయించుకుంటాను. శ్రావణమాసం ఆర్డర్లు అవ్వగానే వెళ్తాను. ఈ రెండు నెలలూ వదులుకుంటే హారతి కాలేజీకి ఇబ్బంది.

కారు బాగా నడుస్తోందా? అన్నయ్యగారికి మార్చే ఆలోచన ఏమైనా ఉందా? ఊరికే అడిగాను.

నీ
దుర్గ

*

తణుకు,
ఆగస్టు 12.

దుర్గా,

నీ ఉత్తరం చదివి నాకు ఒళ్ళు మండింది. శ్రావణమాసం ఆర్డర్లు అయ్యాకా! ఇదే అశ్రద్ధ అంటే. మన ఆడవాళ్ళందరికీ ఉన్న జబ్బు ఇదే. ఇంట్లో అందరి గురించీ పట్టించుకుంటాం, మన ఒంటి సంగతి మనకి పట్టదు. మా డాక్టరు గారు కూడా అదే అన్నారు.

ఆ విరిగిన రేకులు తినడం ముందు మానెయ్యి. నెయ్యి మనకి విషంతో సమానం. నేను పొద్దున్న బొప్పాయి ముక్కలు, పదింటికి రాగిజావ, మధ్యాహ్నం ఆవిరి మీద ఉడికించిన కూరలు తింటున్నాను. సాయంత్రం అరగంట నడుస్తాను. నాలుగు కిలోలు తగ్గాను. నువ్వు కూడా వేళకి తిను, ఆకలితో ఉండకు. ఖాళీ కడుపుతో ఉంటే రాళ్ళు పెరుగుతాయట. నా దగ్గర మిగిలిన మాత్రలు పంపుతున్నాను. ఒక చీర కూడా పెట్టాను, ఆపరేషన్‌కి వెళ్ళేటప్పుడు కట్టుకో.

కారు బంగారంలా ఉంది. మార్చడం ఎందుకే? గండం ఉగాది దాకా ఉంది. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత. మొన్న అన్నవరం వెళ్ళొచ్చాం. దారిలో మీ ఊరి మలుపు కనిపిస్తే "దుర్గ ఓనరమ్మగారి ఊరు" అన్నారు మా ఆయన. ఎంత నవ్వుకున్నామో!

ఆపరేషన్ ఏ రోజో రాయి. వస్తాను.

మీనా

*

ఆత్రేయపురం,
సెప్టెంబరు 20.

మీనా,

ఇది నాలుగో కాగితం. మూడు చింపేశాను.

అశ్రద్ధ అన్నావు. ఆ మాట రెండు సార్లు చదివాను. నాకు ఆపరేషన్ ఎందుకు కాలేదో చెబుతాను, విన్నాక అది ఎవరి అశ్రద్ధో నువ్వే చెప్పు.

జూలైలో నీకు ఉత్తరం రాయడానికి ముందు వారమే కార్డు పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. కౌంటరులో అమ్మాయి నంబరు కొట్టి చూసి, పేరు రావడం లేదు, గ్రామ సచివాలయంలో కనుక్కోమంది. అంతకు ముందు రెండు నెలలు రేషన్ బియ్యం దగ్గర కూడా ‘మీ పేరు రావట్లేదండి’ అంటే మిషన్ పాడైందనుకున్నాం. సచివాలయంలో సాల్మన్ గారని ఒక ఉద్యోగి ఉన్నారు. నా చేత వేలిముద్ర వేయించుకుని చూశారు.

"మీ కార్డు తీసేశారండి."

"ఎందుకండీ?"

"మీ పేరు మీద నాలుగు చక్రాల బండి ఉందండి. కారు."

పక్కన పదిమంది ఉన్నారు. మా వీధి పెద్దిరాజు గారు "కారు పెట్టుకుని బస్సు కోసం నిలబడతావేంటమ్మా దుర్గా!" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏడిస్తే ఇంకా నవ్వుతారని.

అది నాది కాదండి అన్నాను. "మరి సంతకం ఎవరిదండీ?" అన్నారు సాల్మన్ గారు. నాదే కదా. మీ కొట్టు ముందు కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అని నువ్వే వేలు పెట్టి చూపిస్తే పెట్టాను. ఆరోజు నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి నిమ్మకాయల మీద నుంచి కారు పోనిచ్చారు. హారతికి చెప్పుకుని మురిసిపోయాను. తిరిగి ఇంటికి బస్సులోనే వచ్చాననుకో.

సాల్మన్ గారు మంచివారే. కార్డు లేనివాళ్ళు కూడా ఆసుపత్రి కోసం వేరే దరఖాస్తు పెట్టుకోవచ్చని ఆదాయం సర్టిఫికెట్‌కి పంపారు. అక్కడ ఉన్నాయన "కారున్నవాళ్ళకి పేదవాళ్ళని ఎలా రాసివ్వమంటారమ్మా, రేపు నా ఉద్యోగం పోతుంది" అన్నారు. ఆయన తప్పు మాత్రం ఏముంది? ఆ బండి ఇంకొకరి పేరుకి మారితే చాలు, మిగిలింది నేను చూస్తానన్నారు సాల్మన్ గారు.

ఇదంతా తెలిసే, ఆర్డర్లని సాకు చెప్పి, నీకు ‘కారు మార్చే ఆలోచన ఉందా’ అని రాశాను. అంతకన్నా అడగలేకపోయాను. ఎందుకంటే మా ఆయన చేసే కౌలు పొలానికి ఎరువులు మీ కొట్టు నుంచే వస్తాయి. పంట వచ్చాక ఇద్దువుగాని అంటారు అన్నయ్యగారు. ఆ మాట పోతుందేమోనని భయం. మా ఆయన అయితే అసలు అడగొద్దన్నారు.

ఇప్పుడు అడుగుతున్నాను. ఈ నెలలో మూడు సార్లు నొప్పి వచ్చింది. కారు ఎవరి పేరుకైనా మార్పించవే. ఇంకేమీ వద్దు. నీ మాత్రలు వేసుకున్నాను, కడుపులో మంట తప్ప ఏమీ కాలేదు.

దుర్గ

*

తణుకు,
అక్టోబరు 18.

దుర్గకి,

ఆలస్యంగా రాస్తున్నాను. దసరా హడావుడి, కొట్లో పూజలు.

నీ ఉత్తరం చదివాను. మా ఇద్దరికీ ఒట్టు, కార్డు సంగతి తెలియదే. తెలిస్తే అలా చేస్తామా? ఈయనకి చెప్పాను. ఆయన కూడా చాలా బాధపడ్డారు. అయితే సిద్ధాంతి గారిని అడిగారు. గండం ముగియడానికి ఐదు నెలలే ఉంది, సరిగ్గా చివర్లో పేరు మారిస్తే అసలుకే మోసం, ఇన్నాళ్ళు ఆగినదంతా వృథా అవుతుందన్నారట. ఈయన పొద్దస్తమానం ఆ కారులోనే తిరుగుతారు. నాకు మాత్రం భయం ఉండదా చెప్పు.

ఉగాది వెళ్ళిన మర్నాడే మార్పించేస్తానన్నారు. ఈలోపు నువ్వు పథ్యంగా ఉంటే నొప్పి రాదు. రాళ్ళు ఎక్కడికీ పోవు కదా, ఐదు నెలలు ఓపిక పట్టమని చెప్పు అన్నారు. ప్రభుత్వాసుపత్రిలో కార్డు లేకపోయినా చేస్తారట కదా, అది కూడా కనుక్కో. కొట్టు వ్యాను వాడి చేత కొంచెం డబ్బు పంపుతున్నాను. అప్పు అనుకోకు.

మీ ఆయన మురళీకృష్ణ గారికి ఎరువుల సంగతి బెంగ పెట్టుకోవద్దని చెప్పు. అదీ ఇదీ కలపరు ఈయన.

నన్ను అర్థం చేసుకుంటావని,
మీనా

*

ఆత్రేయపురం,
నవంబరు 22.

మీనాకుమారి గారికి,

మీరు పంపినది అందింది. తిప్పి పంపేంత పౌరుషం ఉందిగానీ, పరీక్షలకీ మందులకీ అయిపోయింది.

మీరు చెప్పినట్టే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాను. అక్కడ ఎవరూ విసుక్కోలేదు. వరండాలో నాలాంటివాళ్ళు నలభై మంది ఉన్నారు. నాలుగు సార్లు తిరిగితే వరసలో నా వంతు వచ్చింది. రక్తం చూసి ఎనిమిదే ఉందన్నారు. పది దాటితేగానీ మత్తు ఇవ్వరట. ఇనుము మాత్రలు ఇచ్చి జనవరిలో రమ్మన్నారు. ‘మాంసం, గుడ్లు, ఆకుకూరలు, ఖర్జూరాలు తినండి’ అని కాగితం మీద రాసిచ్చారు. మీరు రాసిన బొప్పాయి, రాగిజావ పక్కన దాన్ని కూడా దాచాను.

నిన్నటి నుంచి చలి జ్వరం. కళ్ళు పచ్చగా ఉన్నాయని హారతి అంటోంది. పల్లంరాజు గారు ఈసారి ఇంజెక్షన్ చెయ్యలేదు, "నావల్ల కాదమ్మా, పెద్దచోటికి వెళ్ళండి" అన్నారు. పెద్దచోట్లో ముందు కార్డు అడుగుతారు. కార్డు లేదంటే ఎంత కట్టగలరు అని అడుగుతారు.

అన్నయ్యగారి గండం ఉగాదికి పోతుందని రాశారు. సంతోషం. నా గండం ఎప్పుడు పోతుందో కూడా సిద్ధాంతి గారిని ఒకసారి అడగవలసింది. నాదీ జాతకమే కదా. నక్షత్రం వరకూ పనికొచ్చింది.

ఇట్లు
దుర్గాశ్రీ

*

తణుకు,
డిసెంబరు 9.

దుర్గా,

నువ్వు నన్ను ‘గారు’ అన్నావు, ‘మీరు’ అన్నావు. పదిహేను రోజులుగా ఆ కాగితం నా దిండు కింద ఉంది. ఇంతకంటే చెప్పుతో కొట్టినా బాగుండేది.

నీ దగ్గర ఒక సంగతి దాచాను. ఇవాళ చెప్పేస్తాను. కారు కొన్నప్పుడు రోహిణి నక్షత్రం నీ ఒక్కదానిదే కాదు. మా తమ్ముడి భార్యది కూడా రోహిణే. ఆ అమ్మాయి పేరు పెడదామన్నాను నేను. "వద్దు, మీ తమ్ముడు రేపు కారు నాదే అంటాడు. దుర్గ అయితే నోరెత్తదు. ఎత్తినా ఎవరు వింటారు?" అన్నారు ఈయన. నేను ఊరుకున్నాను. ఊరుకోవడమే కాదు, నీకు ఫోన్ చేసి ‘నీ పేరు బలమే దుర్గా’ అని నమ్మబలికాను. ఆ మాట విని కూడా సంతకాల దగ్గర వేలు పెట్టి చూపించింది నేనే.

నాలుగు రోజుల నుంచి అన్నం ముట్టలేదు. కొట్లో గుమాస్తాల ముందే అడిగేశాను, "దుర్గకి ఏమైనా అయితే మీ గండం నాకెందుకు?" అని. పరువు పోతుందని ఒప్పుకున్నారు. ఫారాలు తెప్పించారు. జయంత్ పేరుకి మారుస్తారు. గురువారం పొద్దున్నే ఇద్దరం కారులో మీ ఇంటికి వస్తాం. నువ్వు సంతకం పెట్టు. అక్కడి నుంచి అటే రాజమండ్రి, నాకు చేసిన డాక్టరు దగ్గరికి. కార్డు వచ్చినప్పుడు వస్తుంది, ఖర్చు నా గాజులు చూసుకుంటాయి.

గురువారం దాకా ఓపిక పట్టవే. రెండు రోజులే.

నీ మీనా

*

తణుకు,
జనవరి 6.

చిరంజీవి హారతికి,

మీ అమ్మ పదకొండో రోజున వచ్చినప్పుడు నీతో మాట్లాడాలని చూశాను. నువ్వు తల ఎత్తలేదు. నీ కోపంలో న్యాయం ఉంది తల్లీ. నాకు మాత్రం దుర్గ పోయాక నిద్ర లేదు. మేము చెయ్యగలిగింది చేద్దామనుకునేలోపే అంతా అయిపోయింది. రాత అలా ఉంది.

ఈ మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. కారు ఇంకా మీ అమ్మ పేరునే ఉంది. చనిపోయిన మనిషి పేరున బండి ఉంటే ఇంటికి అరిష్టం, ఒక్కరోజు కూడా ఆగొద్దన్నారు సిద్ధాంతి గారు. ఇన్సూరెన్స్ కూడా ఈ ఇరవయ్యో తేదీకి అయిపోతుంది. ఈలోపు ఏదైనా జరిగితే చిక్కు. వారసులు, అంటే నువ్వూ మీ నాన్నగారూ, అభ్యంతరం లేదని సంతకాలు పెట్టాలట. ఫారాలు ఇందులో పెట్టాను. పెన్సిలుతో గుర్తులు పెట్టినచోట పెడితే చాలు. మరణ ధ్రువపత్రం నకలు కూడా జత చెయ్యమన్నారు మీ అంకుల్.

నీ చదువుకి ఏం కావాలన్నా అడుగు. నేనున్నాను.

ఆశీస్సులతో,
మీనా పిన్ని

*

ఆత్రేయపురం,
జనవరి 11.

మీనాకుమారి గారికి,

నమస్కారం. మీ ఫారాలు అందాయి.

డిసెంబరు తొమ్మిదిన మీరు అమ్మకి రాసిన ఉత్తరం పదకొండున వచ్చింది. అప్పటికి మా ఇంటికి తాళం వేసి ఉంది. అమ్మ దాన్ని చదవలేదు. నేను చదివాను.

జ్వరం తగ్గాక మళ్ళీ పనికి వెళ్తున్న అమ్మ పదో తేదీ ఉదయం కుండ దగ్గరే పడిపోయింది. కడుపు రాయిలా బిగుసుకుపోయింది. ముందు ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. వాళ్ళు అడిగింది మా దగ్గర లేదు. అక్కడి నుంచి ప్రభుత్వాసుపత్రికి వెళ్ళేసరికి సాయంత్రమైంది. రాయి జారి గొట్టానికి అడ్డం పడింది, క్లోమం వాచిపోయింది అన్నారు. డాక్టరు చాలా కష్టపడ్డారు, అబద్ధం చెప్పకూడదు. రెండో రోజు నన్ను బయటికి పిలిచి "రాళ్ళున్నాయని ఎప్పుడు తెలిసిందమ్మా?" అని అడిగారు. జూలైలో అన్నాను. "చదువుకున్న అమ్మాయివి, ఐదు నెలలు ఏం చేశారు?" అన్నారు. మాకు కారుందండి అని చెప్పబోయి ఆగిపోయాను. ఏం చెప్పినా ఆయనకి అర్థం కాదు. పదమూడున ఉదయం తొమ్మిదింటికి అమ్మ పోయింది.

మీరు గురువారం మాట ప్రకారం వచ్చారు. రత్తమ్మ గారు చెప్పారు. దుర్గని ఆసుపత్రిలో చేర్చారని ఆవిడ చెబితే మీ ఆయన కారు దిగకుండానే "చేర్చారు కదా, ఇంక డాక్టర్లు చూసుకుంటారు. సంతకం తర్వాత చూద్దాం" అన్నారట. మీరు ఏ ఆసుపత్రి అని కూడా అడగలేదట. సిద్ధాంతి గారికని రెండు డబ్బాలు పూతరేకులు కొనుక్కుని వెనక్కి తిరిగారట. ఆ రోజు అమ్మకి ఇంకా స్పృహ ఉంది. గుమ్మం వైపు చూస్తూ ఉంది. ఎవరి కోసమో నేను అడగలేదు. ఫారాలతో వచ్చిన మీ ఉత్తరంలో ఈ గురువారం సంగతి లేదు. ‘చేద్దామనుకునేలోపే’ అని మాత్రం ఉంది.

మీరు రాత అన్నారు. మీ కడుపులోవీ రాళ్ళే, మా అమ్మ కడుపులోవీ రాళ్ళే. మీవి మూడు రోజుల్లో డబ్బాలోకి వచ్చాయి. రాత అంటే ఇదేనా అండి?

మీ ఫారాలు రాగానే సంతకం పెట్టకూడదనుకున్నాను. నిజం చెప్పాలంటే చాలా సంతోషంగా అనుకున్నాను. మీ ఆయన ఆ కారు ఎక్కిన ప్రతిసారీ భయపడాలి. చనిపోయిన మా అమ్మ పేరు అద్దానికి అంటుకుని ఉన్నట్టు అనిపించాలి. అడ్డం పడిన రాయిలా నేను కూడా ఒకసారి అడ్డం పడి చూడాలి. ఫారాలు చింపడానికి చేతిలోకి కూడా తీసుకున్నాను.

నాన్నే ఆపారు. కోపం లేక కాదు. అమ్మ పోయిన దగ్గర నుంచి ఆయనకి ఎడమ చెయ్యి లాగుతోంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోంది. రాజమండ్రిలో గుండె పరీక్ష చేయించమన్నారు. నేను సాల్మన్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చూసి, "కారు ఇప్పుడు మీ ఇద్దరిదీ అవుతుందమ్మా. అది మీ కుటుంబం మీద ఉన్నంతకాలం కార్డు రాదు" అన్నారు. అమ్మ నుంచి మాకు వచ్చిన ఆస్తి అదొక్కటే.

పేదవాడి కోపం పెదవికి చేటు అంటారు. నేను సంతకం పెట్టకపోతే మీకు ఇన్సూరెన్స్ చిక్కు. మా నాన్నకి ప్రాణం మీదకి వస్తుంది. మీ మీద పగ తీర్చుకోవాలన్నా ముందు మా దగ్గర కార్డు ఉండాలి.

అందుకని పెట్టాను. మీరు పెన్సిలుతో గుర్తు పెట్టిన ఐదు చోట్లా పెట్టాను. నాన్న కూడా పెట్టారు. రెండో కాగితం మీద ఆయన సంతకం కొంచెం పక్కకి పోయింది. చెల్లదంటే చెప్పండి, మళ్ళీ పెడతారు. మరణ ధ్రువపత్రం నకళ్ళు రెండు పెట్టాను.

ఇన్సూరెన్స్ ఇరవయ్యో తేదీకని రాశారు. నాన్న పరీక్ష పద్దెనిమిదిన. దయచేసి అంతకు ముందే మార్పించండి.

ఇట్లు
హారతి